లోపలి గడియ

మొదట నాకు కోపమే వచ్చింది. ఏడున్నరకల్లా మనవరాలికి చీర కడతానని రాత్రి మాట ఇచ్చిన మనిషి, ఎనిమిదింపావు అవుతున్నా గది తలుపు తీయలేదు. పదింటికి మా అమ్మాయికి యూనివర్సిటీలో పట్టా ఇస్తారు. అదేమో జాకెట్టు, లంగా మీద హుడీ తగిలించుకుని, పట్టుచీర గుండెలకి హత్తుకుని మెట్ల దగ్గర నిలబడింది.

"అత్తయ్యగారూ, టైమవుతోంది. పూజ మిగతాది రేపు చేసుకుందురుగాని," అన్నాను తలుపు కొడుతూ. నా గొంతులో విసుగు నాకే వినిపించింది.

మేముండేది సిడ్నీ శివార్లలో, స్కోఫీల్డ్స్‌లో. అక్కణ్ణుంచి ఆఫీసు వేళ రైల్లో, పట్టుచీరతో, డెబ్బై నాలుగేళ్ల పెద్దావిడతో ఊరి నడిబొడ్డుకి సమయానికి చేరడం నా వల్ల కాదనిపించింది. మావారు పని మీద పెర్త్ వెళ్లారు, పొద్దున్నే విమానం దిగి నేరుగా హాలుకి వస్తానన్నారు. అందుకని ముందురోజు సాయంత్రమే యూనివర్సిటీ పక్కనున్న గ్లీబ్‌లో ఒక పాతకాలపు ఇంట్లో రెండు గదులు తీసుకున్నాను. పడకతోపాటు పొద్దున్న ఫలహారం కూడా పెట్టే ఇల్లు అది. బాల్కనీకి ఇనప అల్లికల కటకటాలు, కాలు మోపితే మూలిగే మెట్లు. ఇంటావిడకి డెబ్బై దాటి ఉంటాయి. రాగానే అరగంట నిలబెట్టి ఇంటి చరిత్ర చెప్పింది. బాల్కనీ తలుపుల రంగుటద్దాలు ఇల్లు కట్టిన నాటివట, అలాంటివి ఇప్పుడు ఎంత వెతికినా దొరకవట. నేను బుద్ధిమంతురాలిలా ప్రతి మాటకీ తలూపాను.

అత్తయ్యకి విడిగా మంచి గది ఇప్పించానని గొప్పగా చెప్పుకున్నాను గానీ, అసలు సంగతి వేరు. తెల్లారుజామున ఐదింటికి ఆవిడ కొట్టే గంట ఒక్కరోజైనా వినకుండా పడుకోవాలని నా ఆశ.

మళ్లీ కొట్టాను. చప్పుడు లేదు. మా అమ్మాయి తన ఫోనులోంచి నానమ్మకి చేసింది. లోపల మోగింది. మోగి మోగి ఆగింది. ఆవిడ ఫోను మోగితే పూజ మధ్యలోనైనా లేచి వస్తారు, ఇండియా నుంచేమోనని.

"మమ్, వై ఈజ్ షీ నాట్ పికింగ్ అప్?"

"స్నానంలో ఉన్నారేమోలే," అన్నాను. స్నానాలగది నడవా చివర ఉంది, దాని తలుపు బార్లా తెరిచే ఉంది. అది మా ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది.

కిందికి పరిగెత్తి ఇంటావిడని పిలుచుకొచ్చాను. ఆమె రెండో తాళంచెవి పెట్టి తిప్పింది. తాళం తిరిగింది, తలుపు మాత్రం కదల్లేదు. లోపల గడియ ఉంది. అత్తయ్యకి గడియ పెట్టుకోనిదే నిద్రపట్టదు. సొంత కొడుకు ఇంట్లోనే పెట్టుకుంటారు, కొత్తచోట పెట్టుకోరా? నేను అరచేతులతో తలుపు బాదడం మొదలుపెట్టాను. అప్పుడు నా మనసులోకి వచ్చిన మొదటి మాట చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆయనకి ఏం చెప్పాలి? వాళ్లమ్మని ఒక్క రాత్రి చూసుకోలేకపోయానని ఎలా చెప్పాలి? ఆవిడకి ఏమైందో అన్న మాట దాని తర్వాతే వచ్చింది.

మా గదికీ ఆవిడ గదికీ వీధివైపు బాల్కనీ ఒక్కటే. ముగ్గురం మా గదిలోంచి అటు వెళ్లాం. తెర సందులోంచి చూశాను. అత్తయ్య నేలమీద మంచానికి జారబడి కూర్చుని ఉన్నారు. తల గుండెల మీదకి వాలిపోయింది. చేతివేళ్లు కదులుతున్నాయి, లేదా కదులుతున్నాయని నేననుకున్నాను. కటకటాలు పట్టుకున్నాను.

"మమ్, జస్ట్ బ్రేక్ ఇట్!"

చెప్పు తీసి చేత్తో పట్టుకున్నాను కూడా. గొళ్లెం పక్కనే ఎర్ర, నీలి అద్దం. పట్టుకుని, కొట్టకుండా, తల తిప్పి ఇంటావిడ ముఖం చూశాను. "సారీ, సారీ," అంటున్నాను. లోపల మనిషి పోతుంటే నేను అద్దం కోసం అనుమతి అడుగుతున్నాను. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. రెండు క్షణాలే అయ్యుంటాయి. ఆమె నన్ను మోచేత్తో పక్కకి నెట్టింది. మా గది తలుపు మూసుకోకుండా అడ్డు పెట్టిన పాత ఇనప ఇస్త్రీపెట్టె తెచ్చి ఒక్క దెబ్బ వేసింది. చెయ్యి లోపలికి పెట్టి గొళ్లెం తీసింది. మణికట్టు దగ్గర తెగి రక్తం కారుతున్నా చూసుకోలేదు.

అత్తయ్య ఒళ్లంతా చెమటతో తడిసి చల్లగా ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి, నన్ను గుర్తుపట్టలేదు.

"పొయ్యి ఆపావా వదినా?" అన్నారు.

ఆవిడ వదినగారు పోయి పదేళ్లయింది. ఆ మాట వినగానే నాకు ఏడుపొచ్చింది. బల్లమీద షుగరు మాత్రల అట్ట ఉంది. పక్కనే నీళ్ల గ్లాసు, సగం ఖాళీ. పొద్దున్న మాత్ర వేసుకున్నారన్నమాట.

"షుగర్ పడిపోయింది," అని అరిచాను. ఇంటావిడ కిందికి పోయి ఫలహారాల బల్ల మీది తేనె సీసా పట్టుకొచ్చింది. వేలితో తీసి అత్తయ్య బుగ్గ లోపల రాశాను. ఆవిడ నా వేలు కొరికారు. కొరికే బలం ఉందిలెమ్మని సంతోషపడ్డాను. మా అమ్మాయి ఫోనులో అంబులెన్సువాళ్లతో మాట్లాడుతోంది. "మై నానమ్మ, షీ ఈజ్ నాట్ వేకింగ్ అప్ ప్రాపర్లీ," అంటూ వెక్కుతోంది. చీర బాల్కనీలో గాజుముక్కల మధ్య పడి ఉంది. వాళ్లు వచ్చేదాకా ఆవిడ ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకునే కూర్చున్నాను, ఊపిరి తగిలిన ప్రతిసారీ తర్వాతిది తగులుతుందో లేదోనని భయపడుతూ.

అంబులెన్సులో వచ్చినామె అత్తయ్య వేలు గుచ్చి చూసి, చేతికి సూది పెట్టి గ్లూకోజు ఎక్కించింది. ఆ పని చేస్తూనే నన్ను ప్రశ్నలు అడిగింది. వయసెంత, ఏ మందులు, చివరిసారి ఎప్పుడు తిన్నారు. అత్తయ్య తరఫున జవాబులు చెప్పడం నాకు అలవాటే. డాక్టరు దగ్గరైనా, షాపులోనైనా, ఆవిడ నోరు తెరిచేలోపే చెప్పేస్తాను. "రాత్రి ఎనిమిదింటికి, మాతోపాటే భోంచేశారు," అని గట్టిగా చెప్పాను. ఆమె తన గ్లౌజు మీద పెన్నుతో ఎనిమిది అని రాసుకుంది.

"నో," అన్నారు అత్తయ్య.

కళ్లు ఇంకా సగమే తెరిచారు. చెయ్యెత్తి ఆమె మణికట్టు పట్టుకున్నారు. "నో డిన్నర్. ఎస్టర్‌డే లంచ్. హోమ్."

తర్వాత తల నా వైపు తిప్పారు. ఈసారి నన్ను గుర్తుపట్టారు.

"ఆ అన్నంలో నీచువాసనొచ్చిందే అమ్మాయ్. నువ్వేమో అందరితో నవ్వుతూ మాట్లాడుతున్నావు. మధ్యలో ఎందుకులే అని."

రాత్రి హోటల్లో మా అమ్మాయి స్నేహితుల తల్లిదండ్రులు ఎదురుగా కూర్చున్నారు. అత్తయ్య నా పక్క కుర్చీలోనే, మోచేయి తగిలేంత దగ్గర. మా అమ్మాయి చదువు గురించి, ఉద్యోగం గురించి రెండు గంటలు వాళ్లకి చెప్పాను. ఆవిడ ముందున్న పళ్లెం వైపు ఒక్కసారీ చూడలేదు.

అంబులెన్సామె గ్లౌజు మీద ఎనిమిదిని కొట్టేసి, అత్తయ్య చెప్పింది రాసుకుంది.