పోల్చమ్మగారి పథ్యం

ఎవరు దేన్ని గొప్పదని మెచ్చుకున్నా "దేనితో పోల్చి?" అని అడక్కుండా ఉండలేకపోవడం అత్తగారికున్న ఒకే ఒక్క బలహీనత. పెద్దాసుపత్రి మందుల విభాగాన్ని ఏళ్ల తరబడి నడిపి రిటైరయ్యారు. ఉద్యోగం వదిలింది గానీ ప్రశ్న వదల్లేదు. వీధివాళ్లు ఆవిడ అసలు పేరు మరిచిపోయి పోల్చమ్మగారనడం మొదలుపెట్టారు. మొదట్లో చాటుగా అనేవాళ్లు. ఆవిడకు ఆ పేరు నచ్చిందని తెలిశాక ఎదురుగానే పిలుస్తున్నారు.

కొత్త కోడలికి ఈ సంగతి మామగారే చెప్పి హెచ్చరించారు.

"పెళ్లయిన కొత్తలో, నువ్వు చాలా అందంగా ఉన్నావోయ్ అన్నానమ్మా. దేనితో పోల్చి అంది. మళ్లీ ఇప్పటిదాకా ఆ ఊసెత్తలేదు."

ఎదురు మేడ మీద వ్యాయామశాల నడిపే కండల మేస్టారికి, అత్తగారికి చుక్కెదురు. మేస్టారు కీటో తిండితో బాగా చిక్కాడు. చిక్కినవాడు చిక్కినట్టు ఊరుకోకుండా, అన్నం, రొట్టె, బంగాళాదుంప, పంచదార మానేసి వెన్న, గుడ్లు, మీగడ తింటే లోకంలో రోగమనేదే ఉండదని ప్రచారం అందుకున్నాడు. మామగారికి షుగరుంది. మేస్టారి మాటలు విని, మాత్రలు చెత్తబుట్టలో పడేసి వెన్న ముద్ద తెచ్చుకున్నారు. అత్తగారు మాత్రలు బుట్టలోంచి తీసి బల్లమీద పెట్టి, మేస్టారిని పిలిపించారు.

"కీటోతో ఏమేం తగ్గుతాయి నాయనా?"

"బరువు, షుగరు, బీపీ, మతిమరుపు, బట్టతల..."

"బట్టతల సంగతి నీ నెత్తి చూస్తే తెలుస్తోందిలే. బరువంటావా, మొదట తగ్గేదాంట్లో నీళ్లే చాలా ఉంటాయి. ఏడాది తిరిగేసరికి, ఇంకో పద్ధతిలో తిండి తగ్గించినవాళ్లూ ఇంచుమించు అక్కడికే వస్తారు. షుగరు తగ్గడం నిజమే. అందుకే డాక్టర్ని అడక్కుండా చేస్తే ప్రమాదం. తిండి మారిస్తే మాత్రలూ లెక్క చూసి మార్చాలి. కొందరికి చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది కూడా. మా ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి అప్పుడు చూస్తా."

మామగారు బుద్ధిగా మాత్ర వేసుకున్నారు. వెన్న ముద్ద మేస్టారు పట్టుకెళ్లాడు.

అంతటితో పోలేదు. వ్యాయామశాల వార్షికోత్సవంలో మేస్టారు మైకు పట్టుకుని, "నా దగ్గర కీటో చేసిన ప్రతి ఒక్కరూ చిక్కారు" అన్నాడు. అత్తగారు కుర్చీలోంచి లేచారు. కోడలికి కుర్చీ కింద దూరాలనిపించింది.

"మధ్యలో మానేసినవాళ్లో?"

"వాళ్లు మళ్లీ ఇటు రారు కదండీ."

"చిక్కినవాళ్లు వస్తారు, చిక్కనివాళ్లు రారు. అయితే నీకెప్పుడూ చిక్కినవాళ్లే కనిపిస్తారు."

హాలంతా గొల్లుమంది. నవ్వనిది ఒక్కరే, అత్తగారింటి కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడ.

రెండ్రోజులకు ఆవిడ మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడింది. కోడలే లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టింది.

"మా పాపకి మూర్ఛలు తెలుసు కదమ్మా. ఏ మందుకీ లొంగట్లేదు. పిల్లల డాక్టరుగారు ఇప్పుడు ఆ కీటో తిండే పెట్టి చూద్దామంటున్నారు. మీరేమో ఆ రోజు అంతలా నవ్వించారు. చెబితే తిడతారేమోనని..."

ఇప్పుడు "దేనితో పోల్చి?" అంటారనుకుంది కోడలు. అత్తగారు మాత్రం ఆ ప్రశ్న అడగలేదు.

"ఇది పోల్చి చూసిన సంగతేనమ్మా. మందులకు లొంగని పిల్లల్లో ఈ తిండి పెట్టినవాళ్లనీ, పెట్టనివాళ్లనీ పక్కపక్కన పెట్టి చూశారు. పెట్టినవాళ్లలో దాదాపు సగం మందికి మూర్ఛలు సగానికి పైగా తగ్గాయి. మీ పాప ఏ సగంలో ఉంటుందో నేను చెప్పలేను, డాక్టరూ చెప్పలేడు. కానీ మొదలుపెట్టు."

"ప్రతి ముద్దా తూచి పెట్టాలటమ్మా. నాకేమో మిషన్ దగ్గర్నుంచి లేవడానికే..."

"జీవితమంతా తూచడమే నా పని. మధ్యాహ్నం భోజనం నాకొదిలెయ్."

ఆసుపత్రిలో పాపకు తిండి అలవాటు చేసి, కొలతలు నేర్పి పంపారు. మర్నాటి నుంచి అత్తగారి వంటింట్లో తూకం మొదలైంది. గుడ్డు, మీగడ, వెన్న, నాలుగు పాలకూర ఆకులు. పాప పళ్లెం అవతలికి నెట్టేసింది.

"ఏం బాలేదు."

"దేనితో పోల్చి?"

"కేకుతో."

అత్తగారు పాప పళ్లేన్ని పరిశీలనగా చూశారు. "నిజమే. కేకు ముందు ఇది దిగదుడుపే" అని, తనకూ అలాంటి పళ్లెమే పెట్టుకుని ఎదురుగా కూర్చున్నారు. "ఇద్దరం కలిసి తిట్టుకుంటూ తిందాం."

ఆ తిట్టుకోవడం నెలల తరబడి సాగింది. పక్కన తోడుగా తినేవాళ్లుంటే పాప పళ్లెంలో ఏమీ మిగిలేది కాదు. కోడలు ఓసారి రొట్టె చేసి పిలిస్తే అత్తగారు దానివంక ఆశగా చూసి, "వద్దమ్మా, అది వచ్చే వేళయింది. వాసన తగిలితే పసిదాని ప్రాణం కొట్టుకుంటుంది" అన్నారు. ఆ రోజు హాల్లో ఈవిడ పక్కన ఉండడానికా నేను సిగ్గుపడ్డాననుకుని కోడలు రొట్టెను గుడ్డలో చుట్టి దాచేసింది.

పాప మూర్ఛలు బాగా తగ్గాయి. పూర్తిగా పోలేదు. అయినా డాక్టరు ఒక మందు తీసేశారు. ఆ మందు మత్తుకి బళ్లో తూగే పిల్ల పాటల పోటీకి పేరిచ్చింది. ఈ సంబరంలో ఎవరూ గమనించలేదు గానీ, అత్తగారు సన్నబడిపోయారు. బట్టలన్నీ వదులైపోతే, కుట్టే ఆవిడ పట్టుబట్టి తనే సరిచేసింది.

కండల మేస్టారి కళ్లు మెరిశాయి.

"చూశారా పోల్చమ్మగారూ, కీటో గొప్పదని ఒప్పుకున్నట్టేగా?"

"ఆ పిల్లకి, ఆ జబ్బుకి, ఆసుపత్రివాళ్లు కనిపెట్టుకుని ఉండగా, గొప్పదే. ఒప్పుకున్నాను."

"మరి మీ ఫొటో మా బోర్డు మీద వేసుకోనా?"

"వేసుకో. కింద మాత్రం నేను చెప్పినట్టు రాయించు: కింది వాటా పాపతో కలిసి భోంచెయ్యండి, సన్నబడతారు."

మేస్టారు నిజంగానే అలా రాయించాడు. ఆఫీసుకు దగ్గరి దారి వేరే ఉన్నా కోడలు రోజూ ఆ బోర్డు ముందు నుంచే వెళుతోంది. ఎవరైనా ఆగి చదువుతుంటే తనూ ఆగి, "మా అత్తయ్య" అని చెప్పి మరీ కదులుతోంది.