ఊతకర్రలున్న అడవి

నేను రెండో తరగతితో బడి మానేశాను. అక్షరాలు కూడబలుక్కుని చదవడం మాత్రం వచ్చు. ఆగిరిపల్లి దగ్గర ఒక మామిడితోటకు మా నాన్న కాపలాదారు. నాకు పదేళ్ళప్పుడు, చెట్ల మీద కాయ ఉన్నన్నాళ్ళూ ఆయనతోపాటు తోటలో గుడిసెలోనే ఉండేదాన్ని. మా దగ్గర అట్ట చిరిగిపోయిన కథల పుస్తకం ఒకటి ఉండేది. అడవులకు పోయే రాజులు, రాక్షసులు, మాట్లాడే చిలకలు, అన్నీ అందులోనే. నాన్నకు ఒక్క అక్షరమూ రాదు. నేను చదవాలి, ఆయన వినాలి.

నా చదువు ఎంత నెమ్మదంటే, ఒక వాక్యం పూర్తయ్యేలోగా నాన్న వెళ్ళి చిలకల్ని తోలి వచ్చేవాడు.

"రాజు అడవి దాటాడా, ఇంకా అక్కడే ఉన్నాడా?"

"అక్కడే ఉన్నాడు నాన్నా. మాట పెద్దది."

"ఉండనీలే, నీడ బాగుంటుంది."

అక్షరానికోసారి తలెత్తి చెట్ల వంక చూసేదాన్ని. 'కొమ్మ' అని చదివేలోపు ఎదురుగా ఉన్న కొమ్మ ఎక్కడ వంగిందో, ఎండ ఏ ఆకు మీద పడిందో కంటికి పట్టేసేది. అవే బొగ్గుతో, ఎర్రమన్నుతో గుడిసె గోడ మీద గీసేదాన్ని. బొమ్మలెయ్యడం ఆ నెమ్మది చదువే నేర్పింది నాకు.

పదిహేడేళ్ళు వచ్చాక, నేను గోడల మీద వేసే చెట్లు చూసి, నూజివీడులో నాటకాలాడించే పెద్దాయన ఒక తెర వెయ్యమన్నాడు. వనవాసం నాటకానికి అడవి తెర. బాగుంటే ఇక వాళ్ళ తెరలన్నీ నావే. పది రోజులు ఒళ్ళు తెలియకుండా వేశాను.

నూజివీడులోనే ఒక మామిడికాయల కొట్టు వెనక, సాయంత్రం రిహార్సల్‌కి ఆ తెర కట్టారు. కాయలు గంపలకెత్తే ఆడవాళ్ళు చూసి ఒకటే నవ్వు. నా అడవిలో చెట్లు వరసగా నిలబడి ఉన్నాయి. కాయల బరువుకు వంగిన కొమ్మలకు వెదురు ఊతకర్రలున్నాయి. మూలన కాపలా గుడిసె కూడా ఉంది.

"ఈ అడవి ఎవరు కౌలుకి తీసుకున్నారండీ?" అంది ఒకావిడ.

"రాక్షసులే అయ్యుంటారు. ఒక్క కాయ రాలనిచ్చారా చూడు," అంది పక్కావిడ.

పెద్దాయన నవ్వలేదు. "అడవికి కర్రలెవరు పెడతారమ్మా? దీనిమీద సున్నం కొట్టి ఇంకొకరిచేత వేయించుకుంటాం."

నా వెంట వచ్చిన నాన్న ముందుకు జరిగి, "మా అమ్మాయి చదివినప్పుడు అడవి ఇలాగే ఉండేదండీ. రోజూ విన్నాను," అన్నాడు, సాక్ష్యం చెబుతున్నట్టు.

రాజు వేషం కట్టేది ఆ కొట్టు గుమాస్తా. తర్వాత నన్ను పెళ్ళి చేసుకున్నదీ, నాకంటే ముందు కన్నుమూసిందీ ఆయనే. ఆయన తెర దగ్గరకు వెళ్ళి, బొమ్మలోని ఊతకర్ర మీద చెయ్యి ఆనించి, రాణి వేషం వైపు తిరిగాడు.

"దేవీ, భయం లేదు. కొమ్మ విరక్కుండా కర్ర పెట్టిన మనుషులున్న అడవి ఇది. మనకింత అన్నం పెట్టకపోతారా?"

అది నాటకంలో లేని మాట. ఆడవాళ్ళు నవ్వు ఆపి చప్పట్లు కొట్టారు.

పెద్దాయన మళ్ళీ తెర వంక చూసి, "ఆ మాట నాటకంలో ఉంచండి," అన్నాడు. తర్వాత నన్ను అడిగాడు. "ఏటి తెర కూడా ఒకటి కావాలి. ఏరు ఎప్పుడైనా చూశావా?"

"చదివానండీ," అన్నాను.