మొదటి పాట దాకా చల్లగాలి

“సినిమా తీసేవాడికి హాలెందుకే? వంటవాడు తినేవాళ్ళని కూడా కొనుక్కుంటాడా?”

“కొనుక్కోనివ్వండి! మీ సొమ్మేం పోయింది?”

“వాడు ఏడాదికి తీసేది పట్టుమని పది సినిమాలు. అవి ఆడేశాక మిగతా రోజులు తెరమీద ఏం వేస్తాడు, నీ మొహమా?”

“నా మొహం వేసినా ఇప్పుడొచ్చేవాళ్ళ కంటే ఎక్కువమందే వస్తారు.”

చెక్క గోడకి ఇవతల పడుకుని వింటున్న నాకు నవ్వాగలేదు. అవతల బాబాయికి వినిపించింది కాబోలు, “నువ్వు నోరుమూసుకుని లేవరా, పొద్దెక్కింది” అని గోడ మీద ఒక్కటి చరిచాడు.

వాళ్ళు పోట్లాడుకుంటున్నది మా హాలు గురించే. మా అంటే మాది కాదు. ఓ యజమానికి నాలుగు ఊళ్ళలో సినిమా హాళ్ళున్నాయి, అందులో ఒకటి మేం పనిచేసేది. బాబాయి ఏసీ ప్లాంటు నడుపుతాడు. పిన్ని టికెట్ కౌంటర్లో కూర్చుంటుంది. నేను కాలేజీ మధ్యలో మానేసి ఇంట్లోంచి వచ్చేస్తే, పిన్ని మేనేజర్ని బతిమాలి నన్ను తలుపు దగ్గర టికెట్లు చింపే పనిలో పెట్టించింది. అంటే ఇల్లంతా ఒకే హాలు మీద బతుకుతున్నాం. ఆ హాలుకి జనం రారు. పెద్ద సినిమా వస్తే రెండు వారాలకే అది ఫోన్లోకి వచ్చేస్తుంది, ఆ రెండు వారాలు ఆగితే చాలని జనం ఇంట్లోనే ఉండిపోతున్నారు. యజమాని చేతులెత్తేశాడు. అలాంటప్పుడు ఒక సినిమా స్టూడియో హాళ్ళన్నీ కలిపి కొంటానని వచ్చింది. అది కొంటే హాలుంటుంది, లేకపోతే తాళమే.

“ఇంకో సంగతి విను,” అని బాబాయి మళ్ళీ అందుకున్నాడు. “పోటీవాడి హాలుకి తన సినిమా ఎవడిస్తాడు? చివరికి వీడి సినిమాలు వీడే వేసుకుని, వీడే చూసుకోవాలి. రెండేళ్ళలో వాడూ మునుగుతాడు.”

“ఆ రెండేళ్ళు మనం తింటాం కదండీ! ఆ తరవాత వాడు మునిగితే ఒడ్డున నిలబడి ఏడుద్దాంలెండి.”

నన్నడిగితే ఇద్దరూ సరిగ్గానే మాట్లాడారు. స్టూడియో తన మేలు తాను చూసుకుంటే ఈ హాళ్ళ జోలికి రాకూడదు. మేం బతకాలంటే రావాలి. ఈ రెండూ కలిసే చోటు నాకైతే కనపడలేదు. బాబాయి మాత్రం తన వాదన ఇంట్లో దాచుకోలేదు. టీ కొట్టు దగ్గర, సైకిల్ స్టాండు దగ్గర, ఎవరు దొరికితే వాళ్ళకి చెప్పాడు. స్టూడియో కొంటే వాళ్ళూ మనమూ ఇద్దరం చెడతామని గొంతు చించుకున్నాడు. ఆ నోరే ఆయన కొంప ముంచింది.

బాబాయి గురించి చెప్పాలి. హాలంతా చల్లబరిచే మనిషి జన్మలో చల్లగా కూర్చోలేదు. ప్లాంట్ రూము తెర వెనక గోడకి ఆనుకుని ఉంటుంది. కిటికీ లేదు. కంప్రెసర్ వేడికి లోపల అడుగుపెడితే మొహం మండుతుంది. బనీను మీద, భుజాన తువ్వాలుతో, నూనె డబ్బా పక్కన స్టూలేసుకుని కూర్చునేవాడు. ఆ యంత్రం వయసులో నాకంటే పెద్దది. దాన్ని “ముసల్దానా” అని పిలిచేవాడు. “ముసల్దానా, ఈ ఆటకి పరువు నిలబెట్టవే” అంటూ దాని పొట్ట మీద అరచెయ్యి ఆనించి చూసేవాడు. ఇన్నేళ్ళలో ఒక్క సినిమా కూడా కూర్చుని చూసినవాడు కాదు. మాటలు గోడ దాటి రావు. పాటలైతే డప్పుల దెబ్బకి గోడతో సహా వస్తాయి. కాబట్టి బాబాయికి సినిమా అంటే గోడలోంచి వచ్చే పాటలే.

ఆ పాటలతోనే మా హాల్లో ఒక పద్ధతి నడిచేది. కరెంటు బిల్లు కట్టలేక యజమాని చెప్పించిన పద్ధతి అది. జనం లోపలికి వచ్చేటప్పుడు హాలు వణికించేలా ఉండాలి. మొదటి పాట అవగానే ప్లాంటు ఆపెయ్యాలి. అప్పటికి జనం కథలో పడిపోతారు, లోపలున్న చలి ఇంటర్వెల్ దాకా ఎలాగోలా ఈడ్చుకొస్తుంది. ఇంటర్వెల్లో మళ్ళీ కాసేపు వేస్తే, చల్లగానే ఉందనుకుంటూ కూల్ డ్రింకులు కొనుక్కుంటారు. అన్ని ఊళ్ళలోనూ ఇదే తంతు. మొదట్లో బాబాయి ఒప్పుకోలేదట, టికెట్టు కొన్నవాణ్ణి ఉడకబెట్టడం ఏంటని మేనేజర్తో గొడవపడ్డాడట. తరవాత ఒప్పుకున్నాడు. ఆ తరవాత అలవాటైపోయింది. పాట లేని సినిమా వస్తే ప్లాంటు ఆపడం మర్చిపోయేవాడు, ఆ రోజు జనం దుప్పటి కప్పుకోవాల్సిందే.

ఒకసారి నేను డ్యూటీకి ఆలస్యంగా వస్తే రూములో నిలబెట్టి తిడుతున్నాడు. గోడ అవతల పాట అయింది. తిట్టు తిట్టుగానే సాగింది, చెయ్యి మాత్రం పక్కకి వెళ్ళి మీట దించేసి వెనక్కొచ్చింది. ఆయన అటు చూడనైనా లేదు.

స్టూడియో వాళ్ళు హాలు చూసుకోవడానికి ఒక రోజు మధ్యాహ్నం ఆటకి వచ్చారు. ఒక మేడం, ఆమె వెనక ఇద్దరు మగాళ్ళు. వాళ్ళ సినిమాయే వేశాం. అంతకుముందే మేనేజరు ప్లాంట్ రూముకి వెళ్ళి, “ఈ రోజు ఆగకూడదు. చివరి దాకా నడవాలి. నీకు దణ్ణం పెడతాను” అని బాబాయికి చెప్పాడు. బాబాయి ఉతికిన చొక్కా వేసుకుని, గుండీలు మెడదాకా పెట్టుకుని ఆ వేడిలో కూర్చున్నాడు. పొద్దున్నే ముసల్దానికి నూనె పోసి, బెల్టు బిగించి, గుడ్డతో తుడిచాడు. కొనొద్దని ఊరంతా తిరిగి చెప్పిన మనిషి, పిన్ని కోసమో, నా కోసమో, తన పని పరువు కోసమో, ఆ రోజు ఒళ్ళు దగ్గర పెట్టుకునే వచ్చాడు.

పాట మొదలైంది. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. హాల్లో ఎప్పుడూ లేనంత జనం ఉన్నారు, మేనేజరు తన చుట్టాలందర్నీ దించాడు. పాట అయింది. గాలి ఆగింది.

తలుపు మీది గుడ్డ తెర కదలడం మానేసిందని ముందు నేనే చూశాను. పక్క వరండాలోంచి పరిగెత్తాను. రూములో బాబాయి నిలబడి ఉన్నాడు. చెయ్యి ఇంకా మీట మీదే ఉంది. దాన్ని వేరేవాళ్ళ చెయ్యి చూసినట్టు చూస్తున్నాడు. మొహంలో రక్తం లేదు.

“ఏంట్రా ఇది,” అన్నాడు. నన్ను కాదు.

“వెయ్యి బాబాయ్, మళ్ళీ వెయ్యి!” అని అరిచాను.

ఆపిన కంప్రెసర్ని వెంటనే వెయ్యకూడదు. లోపల గ్యాసు సర్దుకునే దాకా ఆగాలి. ఆ మాట నాకు చెప్పింది ఆయనే. నాకే కాదు, రూములోకి తొంగిచూసిన ప్రతివాడికీ చెప్పాడు. అయినా వేసేశాడు. ముసల్ది ఒక్కసారి మూలిగింది, గది నిండా మాడిన వాసన వచ్చింది, ఇక కదల్లేదు.

నేను హాల్లోకి తిరిగొచ్చేసరికి చుట్టాలు టికెట్లతో విసురుకుంటున్నారు. “ఏసీకి ఏమైంది?” అని మేడం అడుగుతోంది.

“కరెంటు, మేడం. ఒక్క నిమిషం. కరెంటు పోయింది,” అన్నాడు మేనేజరు. తెరమీద బొమ్మ దివ్యంగా ఆడుతోంది.

వెనక వరసలోంచి గొంతు లేచింది. రోజూ మధ్యాహ్నం ఆటకి వచ్చి నిద్రపోయే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, ఆయన్ని మేమంతా మ్యాట్నీ మాస్టారంటాం. “కరెంటూ గిరెంటూ ఏం పోలేదమ్మా! ఇక్కడ రోజూ ఇంతే. మొదటి పాట దాకానే చల్లగాలి. మాకు అలవాటైపోయింది, నువ్వూ అలవాటు చేసుకో.”

హాలంతా గొల్లుమంది. మేనేజరు చుట్టాలు కూడా నవ్వారు. ఇంకేం చెయ్యాలో తెలియక మేనేజరూ నవ్వాడు. మేడం నవ్వలేదు, కోప్పడలేదు. “అన్ని హాళ్ళలోనూ ఇంతేనా?” అని మాత్రం అడిగింది. మేనేజరు నేల చూపులు చూశాడు. వాళ్ళు ఇంటర్వెల్ దాకా ఉండలేదు.

తరవాతి వారంలో మేనేజరు మమ్మల్నందర్నీ గేటు లోపల నిలబెట్టి సంగతి చెప్పాడు. “హాలు పాతదైతే బాగుచేసుకుంటారట. జనం నవ్వుకునే పేరుని మాత్రం కొనుక్కోలేమన్నారు.” నెలాఖరుకి తాళం వేస్తున్నారని కూడా అన్నాడు. ఎవరూ ఏడవలేదు. కొనొద్దన్న మనిషే కావాలని ఆపేశాడని అందరూ బాబాయి వైపు తిరిగారు.

“నీ పంతం నెగ్గింది కదన్నా! మిఠాయిలు పంచవేం?” అన్నాడు బొమ్మ వేసే ఆపరేటరు.

“నా పిల్లల ఫీజు కూడా నీ పంతంలో వేసుకో,” అంది హాలు ఊడ్చే ఆవిడ. ఆవిడ ఎప్పుడూ గొంతెత్తి మాట్లాడదు.

ఇంటికెళ్ళాక పిన్ని కంచం పెట్టి, గోడతో చెప్పినట్టు నాతో, “మీ బాబాయికి చెప్పు, కూర అంతే ఉంది” అంది. ఆయన ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. అప్పట్నుంచి వాళ్ళ మాటలన్నీ నా మీదుగానే వెళ్తున్నాయి. ఆ పోట్లాటలే నయం.

నాకు ఒళ్ళు మండిపోయింది. కావాలని ఆపిన మనిషి మొహం అలా ఉండదు. దాన్ని చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. రేపు అందర్నీ నిలబెట్టి చెప్పేస్తానని బాబాయి దగ్గరికి వెళ్ళాను. ఆయన ప్లాంట్ రూములో తన పానాలు, స్క్రూడ్రైవర్లు సంచీలో సర్దుకుంటున్నాడు. యంత్రం చల్లగా పడి ఉంది. ఆ గది అంత చల్లగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

“చెప్పకు,” అన్నాడు.

“ఎందుకు చెప్పకూడదు? అందరూ ద్రోహి అంటున్నారు.”

“అననీ. కోల్డ్ స్టోరేజిలో మనిషి కావాలట, వెళ్ళి మాట్లాడొచ్చాను. అక్కడ ఉండేది అమ్మోనియా, పొరపాటున వదిలితే ప్రాణాలు తీసే గ్యాసు. పొగరుబోతుకైతే పనిస్తారురా, ఓనరుతో పడలేదట అనుకుని ఊరుకుంటారు. చెయ్యి తన మాట విననివాణ్ణి ఆ గ్యాసు దగ్గర ఎవడు నిలబెడతాడు?”

“మరి అది నిజమే కదా బాబాయ్. నీ చెయ్యి…”

“నిజమే. నేనైనా నిలబెట్టను.”

ఆయన సంచీ మూతి బిగించాడు. ముడి సరిగ్గా పడక, విప్పి మళ్ళీ వేశాడు.

“పిన్నికైనా చెప్తాను.”

“ఆవిడకి అసలు వద్దు. తెలిస్తే జాలిపడుతుంది. జాలిపడిందంటే వీధి చివరిదాకా నా తరఫున పోట్లాడి వస్తుంది. ఇంకేముంది, ఊరంతా తెలిసిపోతుంది.” సంచీ భుజానికి తగిలించుకున్నాడు. “ఆ కోల్డ్ స్టోరేజి సూపర్వైజరు ఇక్కడికొచ్చి నా గురించి వాకబు చేస్తాడు. మేనేజరు నిన్ను చూపిస్తాడు, ఆ రోజు పరిగెత్తుకొచ్చింది నువ్వే కదా. అడిగితే నసగొద్దు. నా కళ్ళ ముందే, కావాలనే ఆపాడని చెప్పు.”