షెడ్డు కింద అప్పగింతలు

మా అల్లుడు ఇంట్లో కూర్చునే ఉద్యోగం చేస్తాడు. మొన్నొక మధ్యాహ్నం నేను మజ్జిగ గ్లాసు పట్టుకుని వెళితే, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఉన్నవాడు గుమ్మంలోనే ఆగమని చేత్తో సైగ చేశాడు. తరువాత అడిగితే, ఉద్యోగం మానేసి పోతున్న వాళ్లెవరో తమకు తెలిసిన పనంతా వెనక వచ్చేవాళ్లకు చెప్పిపోతున్నారనీ, దాన్ని కేటీ అంటారనీ, అదంతా రికార్డవుతుంది కాబట్టి ఎవరూ పెద్దగా వినక్కర్లేదనీ చెప్పి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మేడ్చల్ దారిలో నేను పనిచేసిన మందుల ఫ్యాక్టరీ, అక్కడి రేకుల షెడ్డు, ఆ షెడ్డు కింద ఒకరి మాట ఒకరు చెవి ఒగ్గి విన్న మనుషులు గుర్తుకొచ్చి, ఆ పూట నాకు అన్నం సయించలేదు.

తొంభైలలో మేము గుంటూరు వైపు నుంచి వచ్చి గాజులరామారంలో అద్దెకు దిగాము. నేను ఆ ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టుని. గండిమైసమ్మ చౌరస్తాలో కంపెనీ బస్సెక్కితే, అది షిఫ్టు వేళ కంటే కాస్త ముందుగానే మమ్మల్ని గేటు దగ్గర దింపేది, కావాలనే. పని దిగిపోయేవాళ్లూ పనిలోకి ఎక్కేవాళ్లూ షెడ్డు కింద కలిసి టీ తాగేవారు. ఎవరు పెట్టారో తెలియదు గానీ ఆ టీకి అప్పగింతలు అని పేరు. పెళ్లిలో పిల్లను అప్పజెప్పినంత బెంగగా, మందుల సరుకు ఉడికే రియాక్టర్లను అప్పజెప్పేవారు మరి: ఫలానాది మొండిది, ఫలానాది ఊరికే వేడెక్కుతుంది, దాని వాల్వు గట్టిగా తిప్పితే అలుగుతుంది అంటూ. కళ్లనీళ్లొక్కటే తక్కువని మేము, ల్యాబు ఆడవాళ్లం, ఆటపట్టించేవాళ్లం.

ఆపరేటర్లలో పెద్దవాడు షామీర్‌పేట దగ్గరి పల్లె మనిషి. ఊళ్లో వాళ్లు బాబాయిని పిలిచినట్టు అందరూ ఆయనను కాక అనేవారు, ఆంధ్రా నుంచి వచ్చిన మాకూ ఆయన కాకే. ఆయన మాట నాకు ఒక పట్టాన అర్థమయ్యేది కాదు, నా మాట ఆయనకూ అంతే. అయినా టీ గ్లాసు చేతిలో ఉండగా ఏమన్నావు కాకా అని మళ్లీ అడగడానికి సిగ్గేముంది! ఆయనా విసుక్కోకుండా మళ్లీ చెప్పేవాడు.

రెండు వేలు దాటాక కొత్త మేనేజరు వచ్చాడు. చెడ్డవాడని అనను, కానీ మనుషులు ఊరికే నిలబడి మాట్లాడుకుంటే చూడలేని మనిషి. బస్సు వేళ మార్పించాడు. వచ్చే షిఫ్టును దింపిన బస్సే, అప్పటికే గేటు దగ్గర నిలబడ్డ పాత షిఫ్టును ఎక్కించుకుని వెళ్లిపోయేది. చెప్పవలసిందేదైనా ఉంటే లోపల తగిలించిన తెల్లబోర్డు మీద రాసి పొమ్మన్నాడు. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ బస్సు మెట్ల దగ్గర చేతులూపుకోవడంతో అప్పగింతలు సరి. నాకు ఒళ్లు మండిపోయింది గానీ, ల్యాబులో ఉన్నదాన్ని, నా మాట ఎవరు వింటారు!

ఆ రోజుల్లోనే మా పిన్ని కొడుకు ఇంజనీరింగు పూర్తిచేసి అదే ఫ్యాక్టరీలో చేరాడు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఒక ఉదయం కాక పని దిగిపోతూ, ఎప్పటిలాగే బోర్డు మీద, సల్లనీళ్లు చాలు, అని రాసి వెళ్లాడు. రియాక్టరు లోపల వేడి పెరగకుండా దాని చుట్టూ చల్లనీళ్లు ఆగకుండా తిరుగుతూ ఉండాలి. ఆ షిఫ్టుకు వచ్చిన తమ్ముడు అది చదివి, నీళ్ల వాల్వు కట్టేశాడు. కాసేపటికి లోపలి సరుకు కుతకుతలాడి పొంగింది, చూడబోయిన వాడి కుడి చెయ్యి మోచేతి దాకా కాలిపోయింది.

తప్పుడు రాత రాశాడని కాకను పనిలోంచి ఆపి విచారణ వేశారు. ఆసుపత్రిలో మా పిన్ని ఆయనను తిట్టని తిట్టు లేదు. అయినా ఆయన వచ్చాడు. పిన్నిని బతిమాలి నేనే లోపలికి తీసుకెళ్లాను. మంచం పక్కన నిలబడి, కట్టు వంకే చూస్తూ మెల్లగా అడిగాడు.

"బిడ్డా, సల్లనీళ్లు చాలు అని రాసిన గద. ఎందుకు బంజేసినవ్?"

"చాలు అన్నావుగా కాకా. అందుకే కట్టేశాను."

"అయ్యో, చాలు అంటే నడుస్తున్నయని! నువ్వనేది సాలు. సాలు ఏరే, చాలు ఏరే గద బిడ్డా!"

ఆయన ఊళ్లో మోటారు నడుస్తూ ఉంటే చాలు ఉంది అంటారు, అది ఉర్దూ నుంచి వచ్చిన మాట. ఇక అక్కర్లేదు అనడానికి వాళ్లు సాలు అంటారు. మేము దానికే చాలు అంటాము. షెడ్డు కింద నిలబడి ఉంటే ఒక్క గుక్క టీలో తేలిపోయే సంగతి అది.

రాత తప్పయితే కాక ఉద్యోగం పోతుంది, చదవడం తప్పయితే తమ్ముడిది. నోరు విప్పవద్దని మా పిన్ని తన కొడుకు చేత ఒట్టు వేయించుకుంది. వాడు కట్టుతోనే విచారణకు వెళ్లి, కాక రాసింది ఆయన తెలుగులో సరైనదేననీ, తాను తన తెలుగులో చదువుకున్నాననీ చెప్పి వచ్చాడు. కాక మళ్లీ పనిలోకి వచ్చాడు. తమ్ముడి ఉద్యోగం ఖాయం కాలేదు. వాడిని చూసి నాకు ఎంత గర్వమో అంత ఏడుపూ వచ్చింది. కాకను ఆ గదిలోకి తీసుకొచ్చింది నేనేనని పిన్ని చాలాకాలం నాతో మాట్లాడలేదు.

ఈసారి నేనే వెళ్లి, ఆ టీ మళ్లీ పెట్టించమని మేనేజరును అడిగాను. ఆయన శ్రద్ధగా విని, బోర్డు మీద ఇకనుంచి తెలుగు రాయకూడదని ఉత్తర్వు వేశాడు. ఇంగ్లీషులో ఆన్, ఆఫ్ అని అచ్చువేసిన బిళ్లలు వచ్చాయి. నిజం చెప్పాలంటే, మళ్లీ అలాంటి ప్రమాదం జరగలేదు. బిళ్ల మీద పట్టని సంగతులు మాత్రం ఎవరి కడుపులో వాళ్లకే ఉండిపోయాయి.

కాక రిటైరైన రోజు దండా, శాలువా, ఫోటో అన్నీ అయ్యాయి. సాయంత్రం ల్యాబు కిటికీలోంచి చూస్తే ఆయన ఆ దండతోనే షెడ్డు కింద కూర్చుని ఉన్నాడు. బస్సు వచ్చింది. దిగినవాళ్లు ఆయనకు నమస్కారం పెట్టి లోపలికి వెళ్లిపోయారు, బిళ్లలున్నాయి కదా. ఆయన బస్సెక్కలేదు. ఎందుకు కూర్చున్నాడో తెలిసి నేనే దిగి వెళ్లి పక్కన కూర్చుని, ఏం సంగతులు కాకా అన్నాను. ఆయన ఒక్కొక్క రియాక్టరు గురించీ చెప్పడం మొదలుపెట్టాడు. నేను వాటిని ఏనాడూ నడిపినదాన్ని కాదని ఆయనకు తెలుసు. అయినా ఏదీ వదలకుండా చెప్పాడు, నేను ఊఁ కొడుతూ విన్నాను. అంతా అయ్యాక, ఇగ పోతనమ్మా, అని లేచి, నడుచుకుంటూనే వెళ్లిపోయాడు.

ఆ స్థలంలో ఇప్పుడు విల్లాలు లేచాయి. ఆయన చెప్పిన వాటిలో సగం నాకు ఆనాడే అర్థం కాలేదు. మూలనున్న రియాక్టరు మూత బిగించేటప్పుడు గోడవైపు బోల్టుతో మొదలుపెట్టాలని, లేకపోతే ఆవిరి కారుతుందని చెప్పింది మాత్రం బాగా గుర్తుంది. ఇప్పుడది ఎవరికి చెప్పను?