మూకుట్లో పప్పు, మార్తమ్మ ప్రార్థన

బైబిల్లో మార్త వంటింట్లోంచి కదలదు. నర్సీపట్నం మార్తమ్మ ప్రార్థనలోంచి కదలదు. పేరు పెట్టిన పాదిరిగారిదే పొరపాటని మార్తమ్మే అంటుంది. తన మీద ఎగతాళి ఇంకొకరు మొదలెట్టేలోగా తనే మొదలెట్టేస్తే పరువు దక్కుతుందని ఆవిడ లెక్క.

చదువు మిషను బడిలో మూడో తరగతితో ఆగింది. వేలు ఆనించి చదివితే కీర్తనలు వస్తాయి, వేలు తీస్తే రావు. కళ్ళు మూసుకుందంటే మాత్రం ఏ పాదిరీ ఆవిడ ముందు నిలవలేడు. ఆదాము దగ్గర ఎత్తుకుని, జలప్రళయం దాటించి, ఊళ్ళో జ్వరాలూ రోలుగుంట దారిలో గోతులూ ఒక్కొక్కటే దేవుడికి అప్పజెప్పి, మధ్యమధ్య ఊపిరి కోసం ఒక ఆమెన్ వేసుకుని మళ్ళీ అందుకుంటుంది. పెళ్ళి భోజనాల దగ్గర ఆవిణ్ణి ప్రార్థనకు లేపితే సాంబారు మీద తెట్టు కట్టాల్సిందే. అందుకే పెళ్ళివారు ఆవిడకు ముందు వరసలో కుర్చీ వేసేవారు గాని మైకు ఇచ్చేవారు కాదు. అది గౌరవమనే మార్తమ్మ చాలా ఏళ్ళు అనుకుంది.

ఆవిడ ప్రార్థనకు అడ్డులేని చోటు ఒకటే, జీడిపిక్కల షెడ్డు. ఒక స్వచ్ఛంద సంస్థ పెట్టిన షెడ్డు అది. లాభం వస్తే ఎవరి జేబులోకీ పోదు, మళ్ళీ అక్కడి ఆడవాళ్ళ పనికే. చూసుకునేది సాల్మన్‌రాజు. పిక్క కొట్టి, పప్పు ఎండబెట్టి, పొట్టు తీసే ఆడవాళ్ళందరికీ మార్తమ్మ పెద్దదిక్కు. పొద్దున్నే పని మొదలయ్యే ముందు ప్రార్థన ఆవిడదే. జోగులమ్మ సింహాద్రి అప్పన్నకు మొక్కే మనిషి, అయినా అందరికంటే ముందు కళ్ళు మూసేది. "ఏ దేవుడైతే ఏటి, ఆ కాసేపూ నడుం గోడకానుతాది" అనేది.

రెండువేల ఆరు వేసవిలో విశాఖ కాలేజీ నుంచి ఇద్దరు పిల్లలు ఆ షెడ్డుకు వచ్చారు, శాలిని, శ్యాంబాబు. సెలవులన్నీ అక్కడే ఉండి పని నేర్చుకుంటారట, చేతనైన సాయం చేస్తారట.

"ఆంటీ, ఇక్కడ మీరేం చేస్తారు?" అని అడిగింది శాలిని వచ్చీ రాగానే.

"ఆంటీ ఏటి గుంటా? నాకు మనవరాలి వొయసు నీది. మామ్మా అను. నానేటి సేత్తానో రేపు కళ్ళు మూసుకుంటే తెలుస్తాది."

తెలిసింది. మర్నాటి ప్రార్థనలో ఎంతకీ ఆమెన్ రాక శ్యాంబాబు ఒక కన్ను తెరిచి గడియారం చూశాడు. మార్తమ్మకు కనబడిపోయాడు. ఆవిడ కన్ను ఎలా తెరిచి ఉందని అడిగే ధైర్యం ఎవరికుంది?

"బాబూ, పార్దనలో కళ్ళు తెరిసినోడి గుడ్లు కాకులు పొడుస్తాయి. సామెతల గ్రందంలో ఉంది, సూసుకో."

గ్రంథంలో ఆ కాకులున్నది తల్లిదండ్రుల్ని వెక్కిరించేవాడి కోసం. మార్తమ్మకది తెలుసు. కాకుల్ని కాస్త ఇటు మళ్ళించుకుంది, అంతే. పిల్లాడు మాత్రం బెదిరిపోయి, ఆ రోజు నుంచి ప్రార్థన అంటే చాలు, కళ్ళు గట్టిగా బిగించేసేవాడు.

ఏటా వానలు పడగానే పప్పు ఎండబెట్టే వీలు లేక షెడ్డు మూతపడేది. ఆడవాళ్ళు ఊడుపులకు పోయేవారు. మోకాళ్ళు అరిగిన జోగులమ్మకు బురదలో దిగే ఓపిక లేదు, మూడు నెలలు కూలి ఉండేది కాదు. అది చూసి శాలిని ఒక ఉపాయం చెప్పింది. పచ్చి పప్పంతా వేసవిలోనే అమ్మెయ్యకుండా కొంత దాచి, వానల్లో నేతిలో వేపి, మిరియాలూ ఉప్పూ చల్లి చిన్న పొట్లాలు కడదామంది. విశాఖలో తినుబండారాల కొట్టున్న రమణబాబు అనే ఆయన్ను ఒప్పించి, రుచి చూడ్డానికి రమ్మంది. ఆయనకు నచ్చితే వానాకాలమంతా పనే.

"పచ్చిపప్పుకే దిక్కు నేదు, మిరియాలపప్పుట!" అని మార్తమ్మ మూతి తిప్పింది. కానీ షెడ్డు మూస్తే జోగులమ్మకు కూలి పోతుంది, తనకు సభ పోతుంది. రెండోదే పెద్ద నష్టమని ఆవిడ పైకి అనలేదు.

రమణబాబు వచ్చిన రోజున వేడివేడిగా పెడదామని శ్యాంబాబు అప్పటికే మూకుట్లో పప్పు పోశాడు. ఆ సంగతి చూసుకోకుండా సాల్మన్‌రాజు, "మామ్మగారూ, చిన్న ప్రార్థనండీ. చిన్నది" అన్నాడు.

కొత్త మనిషి ఎదుట చిన్నది చేస్తే మార్తమ్మ పేరేం కాను? ఆదాము దగ్గర ఎత్తుకుంది. అబ్రాహాము దాకా బాగానే నడిచింది. ఇశ్రాయేలీయులు ఎర్రసముద్రం ఒడ్డుకు చేరేసరికి ముక్కుకు వాసన తగిలింది. ఎవరో ఒకరు గరిట తిప్పుతారులే అనుకుంది. మధ్యలో ఆపడానికి ఇదేమైనా బస్సా, చెయ్యెత్తి దిగిపోవడానికి? సముద్రం పాయలయ్యేసరికి పొగ గొంతులో పడింది. ఆవిడ ఆ పొగనూ వదల్లేదు.

"ప్రభువా, దూపమునాగా నీ సన్నిదికి లేస్తన్న ఈ పరిమళమును..."

"ఓలమ్మో, దూపం కాదే, పప్పే!" అని జోగులమ్మ కేక పెట్టింది.

అందరూ కళ్ళు తెరిచారు. శ్యాంబాబు గరిట పట్టుకుని మూకుడు ముందే నిలబడి ఉన్నాడు, కళ్ళు ఇంకా మూసుకునే. మూకుట్లో బొగ్గులు.

రమణబాబు దగ్గి, కళ్ళు తుడుచుకుని, "బుధవారం కృష్ణదేవిపేట నుంచి తిరిగి ఇటే వస్తానండి. అప్పుడు చూస్తాను. ఇంకొక్కసారే" అని కారెక్కాడు.

మార్తమ్మ పిల్లాడి మీద పడింది. "కళ్ళు మూసుకోమన్నాను గాని సెయ్యి ఆపీమన్నానా?"

శ్యాంబాబు తల వంచుకున్నాడు. శాలిని వంచుకోలేదు. "మామ్మగారూ, మీ కాకులకు భయపడే కదండీ వాడు కళ్ళు తెరవలేదు! జోగులమ్మగారి కూలి పోతే ఏ గ్రంథంలో చూసుకోమంటారు?"

మార్తమ్మ మూకుడు అందుకుని బొగ్గులు బయట పారబోసింది. ఆమెన్ అనకుండా ఆవిడ షెడ్డు దాటడం అదే మొదలు.

ఇంటికి పోయి, చిన్న ప్రార్థన సాధన చేద్దామని కంచం ముందు కూర్చుంది. "ప్రభువా, ఈ కూటికి వందనాలు" అని ఆపేద్దామనుకుంది. కూడు అంటే వరి గుర్తొచ్చింది, వరి అంటే వానలు, వానలంటే నోవహు. ఓడ కొండ మీద ఆగి కళ్ళు తెరిచేసరికి కంచంలో ఎండుచేప లేదు, గుమ్మంలో పిల్లి మీసాలు నాక్కుంటోంది. "నీకున్న తెలివి నాకు నేకపోయిందే" అని మార్తమ్మ దానికే చెప్పుకుంది.

బుధవారం ప్రార్థన వద్దనుకున్నారు. మార్తమ్మే ఓ మూల ముక్కాలి పీట వేసుకుని, చీరచెంగు నోటికి అడ్డంపెట్టుకుని కూర్చుంది. రమణబాబు వచ్చాడు. శ్యాంబాబు పప్పు పోశాడు. పప్పు రంగు తిరుగుతుండగా ఆయన అటూ ఇటూ చూసి అన్నాడు.

"ప్రార్థన ఏదమ్మా? మొన్నటిది సగంలో ఆగింది. బేరం ముందు అలా ఆగితే మంచిది కాదు. పూర్తి చెయ్యండి."

శాలిని మూకుడు వైపు చూసింది. మార్తమ్మ లేచింది. అందరూ కళ్ళు మూశారు, శ్యాంబాబుతో సహా.

"ప్రభువా, పొయ్యి మీద పప్పుంది. మోకాళ్ళు నేనిదాని కూలి అందులో ఉంది. ఆమెన్."

కళ్ళు తెరిచింది. ఇంకెవరూ తెరవలేదు. ఊపిరి తీసుకుంటోంది కాబోలు, ఆదాము ఇంకా రాలేదు కదా అని అందరూ నమ్మకంగా నిలబడ్డారు. మళ్ళీ "ఆమెన్" అంది. కదలిక లేదు. మధ్యలో వేసే ఆమెన్‌లు వాళ్ళకు కొత్తా? పప్పు ఎర్రబడుతోంది. మార్తమ్మ ఒక్క అంగలో పొయ్యి దగ్గరకు వెళ్ళి గరిట లాగింది. కాకులే లాగుతున్నాయనుకున్నాడో ఏమో, శ్యాంబాబు వదల్లేదు. చేతి మీద ఒక్కటి వేసి లాక్కుని, తిప్పి, మూకుడు దించి, ఉప్పూ మిరియాలపొడీ చల్లింది. ఆ ఘాటుకు జోగులమ్మ తుమ్మింది. అప్పుడు తెరిచారు కళ్ళు.

రమణబాబు ఒక పలుకు నోట్లో వేసుకున్నాడు. ఇంకో రెండు వేసుకున్నాడు. తర్వాత గుప్పెడు తీసుకున్నాడు.

"వచ్చే వారం నుంచి పంపండి," అన్నాడు సాల్మన్‌రాజుతో. తర్వాత ఇటు తిరిగి, "ఇంతకీ ప్రార్థన ఎప్పుడైపోయిందమ్మా?"

"తవరు నిద్రోతన్నప్పుడు బాబూ."

శాలిని పకపకా నవ్వి ఆవిడ మెడ చుట్టూ చేతులేసింది. పిల్లలు విశాఖ వెళ్ళిపోయారు. ఆ ఏడు వానల్లో షెడ్డు మూతపడలేదు, జోగులమ్మ బురదలో దిగలేదు. ప్రార్థన కూడా కొంచెం తగ్గింది. అబ్రాహాము దగ్గరే ఆపేస్తోంది. అయిపోయాక గరిటతో మూకుడు మీద టంగుమని కొడుతుంది. ఆ మోత వినబడితేనే అక్కడ కళ్ళు తెరుస్తారు. మార్తమ్మ ఆమెన్ అంటే ఇప్పటికీ ఎవరూ నమ్మరు.