చిన్న మోటారు

సన్నని గుర్రుమనే చప్పుడు ముందు వినిపిస్తుంది, తర్వాత అరుగు మీద ప్రసాద్ గారు కనిపిస్తారు. కాట్రేనికోనలో పడవ ఇంజన్లు బాగుచేసే ఆయన, సాయంత్రాలు ప్లాస్టిక్ ముక్కలు బిగించి, రొయ్యల చెరువులో నీళ్లు చిలికే చక్రం బొమ్మ కడతారు. చిన్న మోటారే పెడతారు. వేలు అడ్డం పెడితే చక్రం ఆగుతుంది, తీస్తే నిదానంగా మళ్ళీ బయలుదేరుతుంది. నిరుడు కూతురు దివ్య కట్టిన బొమ్మకి, "దీనికి ఊపు లేదే" అంటూ ఆయనే పెద్ద మోటారు తగిలించారు. ఒక్క విసురుకి పళ్లచక్రాలు విరిగి బొమ్మంతా వాకిట్లో చెల్లాచెదురైంది. ఆ పిల్ల ముక్కలు ఏరి ఆయన చేతిలో పెట్టింది. మళ్ళీ ఏదీ కట్టలేదు.

"దివ్యా, తిరుగుతుంది, రావే!" అని ఇవాళా పిలిచారు.

"నువ్వు ఆడుకో నాన్నా," అంది లోపలి నుంచి.

ఆయన స్విచ్ ఆపి, అరుగు మీద పక్కనే కూర్చున్న నా వైపు చూశారు. "'చిన్నదే చాలు నాన్నా' అని ఆ రోజే అందండి. నేను 'ఆయ్, అలాగే' అనేస్తే సరిపోయేదండి."