బ్రేకర్ మీద చెయ్యి

మా సబ్‌స్టేషన్‌లో ఒక పద్ధతి ఉండేది. తీగల మీద పనికని ఎవరు పుస్తకంలో సంతకం పెట్టి కరెంటు ఆపించి వెళ్తారో, వాళ్లే తిరిగొచ్చి మళ్లీ సంతకం పెట్టాలి. అప్పటిదాకా బ్రేకర్ వేసి కరెంటు వదలకూడదు. ఫోన్లు, కబుర్లు చెల్లవు. ఆపరేటరుగా కొత్తగా చేరిన నాకు ఇది నేర్పింది మా లైన్ ఇన్‌స్పెక్టరే. అంత ఓపిగ్గా నాకు ఎవరూ ఏదీ నేర్పలేదు, బడి పంతుళ్లతో సహా.

ఆ ఏడు కంబదూరు మీదికి వచ్చిన మబ్బు వచ్చినట్టే పోయింది. శనక్కాయ చేలలో కాయ ఊరే అదను, బోర్లకు కరెంటిచ్చే తీగ తెగి కూర్చుంది. ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టి, ఒక లైన్‌మన్‌ను వెంటబెట్టుకొని వెళ్లాడు. గంట తిరక్కముందే రైతులు నా గది నిండా చేరారు.

"ఏమప్పా, చేను మాడిపోతాండాది, నువ్వీడ కూచోని దిక్కులు చూస్తాండావా?"

ఇంతలో ఒకాయన బండి దిగి, "మీ ఇన్‌స్పెక్టరు స్తంభం దిగినాడు, నా కండ్లతో చూసినా," అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. గడ్డి తిన్నది నా బుద్ధే. లేచి బ్రేకర్ మీద చెయ్యి వేశాను.

"చెయ్యి తియ్!"

గుమ్మంలో ఇన్‌స్పెక్టరు. కట్టే వైరు అయిపోయి, తీసుకుపోదామని వచ్చాడట. లైన్‌మన్ ఇంకా స్తంభం పైనే ఉన్నాడు.

చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. రైతుల వైపు తిరిగి, "ఇంకో గంట పడుతుంది. తిట్టేదుంటే నన్ను తిట్టండన్నా, ఈయప్పను కాదు," అన్నాడు. అబ్బ, ఏం మనిషి!

మర్నాడు పొద్దున్నే ఆయన ముందు నిలబడి, "ఈ కుర్చీ నాకొద్దన్నా. నిన్న మనిషిని చంపేసేవాణ్ణి," అని ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, వెక్కి వెక్కి ఏడ్చాను.

ఏడుపు ఆగేదాకా చూసి చెప్పాడు: "లైన్‌మన్‌కు జరిగిందంతా చెప్పినా. వానికి తెలియాల కదా. నిన్న తెగిన తీగ కట్టినాం గానీ, ఇంకా రెండు స్తంభాల పని ఉండాది. నువ్వీడుంటే ఎక్కనంటాండాడు. వాన్ని తప్పు పట్టేకి లేదు."

నేను తల దించుకున్నాను.

"అందుకే ఈ పొద్దు నేనెక్కుతాండా. బ్రేకర్ కాడ నువ్వే కూచో."

ఇద్దరు ఆడపిల్లల తండ్రి ఆయన. పుస్తకంలో సంతకం పెట్టి, నడుముకు బెల్టు బిగించుకొని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు.